92 వేల కి.మీ. తిరిగిన బండిని కాదని 2.14 లక్షల కి.మీ. తిరిగిన బండిని ఎందుకు తీసుకోమన్నాను

సెకండ్‌హ్యాండ్ కార్లు కొనేవాళ్ల తరఫున బండిని పరీక్షించి, తీసుకోవచ్చో లేదో చెప్పడం నా పని. డీజిల్ బండ్ల దగ్గర తరచూ చూసేది ఒకటుంది. మీటర్ మీద అంకె చిన్నగా కనిపిస్తే చాలు, మిగతా ఏవీ చూడకుండా అడ్వాన్స్ ఇచ్చేస్తారు. అలా కొన్న బండి ఏడాది తిరక్కముందే పెద్ద రిపేర్‌తో నిలబడిపోతుంది. ఇప్పుడు చెప్పే కేసులో కొనే ఆవిడా నేనూ మూడు బండ్లు చూసి, అందులో అన్నిటికన్నా ఎక్కువ తిరిగినదాన్నే ఎంచుకున్నాం. ఎందుకో రీడింగ్‌లతో సహా రాస్తున్నాను. మోడళ్ల పేర్లు చెప్పడం లేదు. ఇందులోని పరీక్షలు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న ఏ కామన్ రైల్ డీజిల్‌కైనా, అంటే ఒకే గొట్టం నుంచి అన్ని సిలిండర్లకూ ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే ఇంజిన్‌కైనా పనికొస్తాయి.

ముందు ప్రయాణం లెక్క

కొనాలనుకున్నావిడ కాలేజీ లెక్చరర్. ఇంటి నుంచి కాలేజీకి ఒకవైపే 75 కి.మీ. అందులో 60 కి.మీ. పైగా హైవే, మిగతాది ఊళ్లో ట్రాఫిక్. వారానికి ఐదు రోజులు వెళ్లాలి. సెలవులు తీసేసి, సొంత పనులకు తిరిగేది కలిపితే ఏడాదికి దాదాపు 36 వేల కి.మీ. తేలింది. తిరిగొచ్చేసరికి చాలాసార్లు చీకటి పడుతుంది. అందుకే ఆవిడ మొదటి షరతు మైలేజీ గురించి కాదు, "దారిలో ఆగిపోకూడదండి" అన్నారు.

నేను ముందు చూసింది అసలు ఆవిడకు డీజిల్ అవసరమా అని. లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌల్స్ శక్తి ఉంటుంది, లీటరు పెట్రోల్‌లో సుమారు 32. పైగా డీజిల్ ఇంజిన్ కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కడం) ఎక్కువ కాబట్టి అదే శక్తి నుంచి ఎక్కువ పని రాబడుతుంది. కానీ సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు, వాటికి డీజిల్ అందించే హై ప్రెషర్ పంపు, ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో, డీపీఎఫ్ ఇవన్నీ ఖరీదైన సామాన్లు. ఏడాదికి పది పన్నెండు వేలు తిరిగేవాళ్లు మిగిల్చుకున్న ఇంధనం డబ్బు ఒక్క రిపేర్‌లో పోతుంది. 36 వేలు తిరిగేవాళ్లకు మాత్రం లెక్క డీజిల్ వైపే మొగ్గుతుంది. మీరుండే చోట డీజిల్ బండ్ల వయసు మీద ఆంక్షలు ఏవైనా ఉంటే వాటిని అన్నిటికన్నా ముందు చూసుకోవాలి. అక్కడ తేడా వస్తే మిగతా పరీక్షలన్నీ దండగ.

డబ్బు కాకుండా ఇంకో కారణం ఉంది, నాకు అదే ముఖ్యం. డీపీఎఫ్ అంటే పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్. అది నిండాక ఆ మసిని కాల్చేయాలి. హైవే మీద ఎగ్జాస్ట్ బాగా వేడెక్కినప్పుడు కొంత మసి దానంతటదే కాలిపోతుంది. మిగతాదాన్ని కాల్చడానికి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) అదనంగా డీజిల్ కొట్టి ఫిల్టర్ లోపలి వేడిని 600 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా తీసుకెళ్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. బండి ఆగకుండా పది ఇరవై నిమిషాలు నడిస్తేనే అది పూర్తవుతుంది. ఊళ్లోనే నాలుగైదు కి.మీ. తిరిగి ఆపేసే బండిలో మొదలైన ప్రతిసారీ మధ్యలోనే ఆగిపోతుంది. కాలని ఆ అదనపు డీజిల్ సిలిండర్ గోడల మీదుగా జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడితే టర్బోకి, బేరింగ్‌లకి అరుగుదల మొదలవుతుంది. రోజుకు రెండుసార్లు గంటపైగా నడిచే బండికి ఈ బాధ దాదాపు ఉండదు. అంటే ఈవిడ రూటు డీజిల్‌కి సరిగ్గా సరిపోయే రూటు. ఇదే పొడవైన ప్రయాణాల్లో ఇంతకుముందు కూడా తిరిగిన బండి దొరికితే చాలు.

మూడు బండ్లు

మొదటిది ఎనిమిదేళ్ల బండి, 92 వేల కి.మీ., ఒకే ఓనర్. పెయింట్ మెరుస్తోంది, సీట్ల మీద గీత లేదు. ఆవిడకు చూడగానే నచ్చేసింది.

నేను వచ్చేదాకా సెల్ఫ్ కొట్టొద్దని అమ్మేవాళ్లకు ముందే చెబుతాను. డీజిల్ ఇంజిన్ జబ్బులు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. ఈ బండి బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. అది నాకు నచ్చలేదు, అయినా పరీక్ష కొనసాగించాను. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ గరిష్ఠ గీతకు వేలెడు పైన ఉంది, వాసన చూస్తే డీజిల్. ఆయిల్ తగ్గిన బండ్ల గురించి అందరూ భయపడతారు. డీపీఎఫ్ ఉన్న బండిలో ఆయిల్ పెరగడం అంతకన్నా పెద్ద హెచ్చరిక.

ఈసీయూని చదివే స్కానర్ పెట్టాను. తప్పుల కోడ్ ఒక్కటి కూడా లేదు. ఓనర్ సంతోషంగా చూపించారు. కానీ కోడ్‌లు లేకపోవడం ఒక్కటే చూస్తే సరిపోదు. "కోడ్‌లు చెరిపాక తిరిగిన దూరం" అని ఒక రీడింగ్ ఉంటుంది, మామూలు స్కానర్లలోనూ కనిపిస్తుంది. అందులో 38 కి.మీ. అని ఉంది. ఎవరో రెండు మూడు రోజుల ముందే చెరిపేశారన్నమాట. డీపీఎఫ్‌కి అటూ ఇటూ ఉండే ఒత్తిడి తేడా ఐడిల్‌లోనే (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడే) 31 మిల్లీబార్లు ఉంది. ఫిల్టర్ శుభ్రంగా ఉంటే ఇది పదిలోపు ఉండాలి. రెండు రీజనరేషన్ల మధ్య సగటు దూరం 140 కి.మీ., అంటే ఫిల్టర్ చాలా త్వరగా నిండుతోంది.

తర్వాత ట్రిప్ కంప్యూటర్‌లో దీర్ఘకాలిక సగటు వేగం చూశాను. గంటకు 21 కి.మీ. ఈ అంకె దగ్గరే ఆవిడకు విషయం అర్థమైంది. 92 వేల కి.మీ.ను గంటకు 21 చొప్పున భాగిస్తే ఇంజిన్ నడిచింది దాదాపు 4,400 గంటలు. ఇంజిన్ అరిగేది గంటల లెక్కన, అందులోనూ చల్లగా స్టార్ట్ అయిన ప్రతిసారీ. టైర్లకు, చక్రాల బేరింగ్‌లకు కిలోమీటర్లు లెక్క. పిస్టన్లకు, పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్‌కి, క్లచ్‌కి ఎన్ని గంటలు, ఎన్ని స్టార్ట్‌లు, ఎన్ని సిగ్నళ్లు అన్నదే లెక్క. ఓనర్ అబద్ధం చెప్పలేదు, బండి నిజంగానే 92 వేలే తిరిగింది. ఊళ్లో వాడుకోవడానికి చిన్న పెట్రోల్ కారు కొని ఉంటే ఆయనకూ ఈ బాధ ఉండేది కాదు.

రెండో బండి గురించి చెప్పేది తక్కువ. ఆటోమేటిక్, మీటర్‌లో 1.36 లక్షలు. ఇంజిన్ ఈసీయూలో పాత కోడ్ ఒకటి మిగిలిపోయి ఉంది. ఆ కోడ్ పడినప్పటి ఓడోమీటర్ రీడింగ్ దాంతోపాటే నమోదై ఉంటుంది: 1,71,400. అంటే మీటర్ తిప్పేశారు. అమ్మే అతను ధర బాగా తగ్గిస్తానన్నాడు. వద్దన్నాను. మీటర్ తిప్పిన బండిలో ఆయిల్ ఎప్పుడు మార్చారో, వాల్వ్‌లనూ పిస్టన్లనూ ఒకే లయలో ఉంచే టైమింగ్ బెల్ట్ ఎప్పుడు వేశారో చెప్పే ఏ కాగితాన్నీ నమ్మలేం. నమ్మకం లేని చోట ఎంత తగ్గించినా అది ఎక్కువ ధరే.

2.14 లక్షల బండి

మూడోది ఆరేళ్ల బండి. ఒకటిన్నర లీటరు ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్. ఒక సేల్స్ ఉద్యోగి ఊళ్ల మధ్య తిరగడానికి వాడారు. బానెట్ ముందు భాగమంతా రాళ్లు తగిలిన చిన్న చిన్న మచ్చలు, ముందు అద్దం మీద సూదిమొనల్లాంటి గుంతలు. ఆవిడ ముఖం చిట్లించారు. నాకు మాత్రం ఆ మచ్చలు మంచి సాక్ష్యం. ఊళ్లో నలభైలో తిరిగే బండికి అవి రావు. డ్రైవర్ సీటు అంచు, స్టీరింగ్, క్లచ్ పెడల్ రబ్బరు ఎంత అరగాలో అంతే అరిగాయి. ఈసీయూలో ఇంజిన్ గంటలు 3,480. సగటు వేగం 61 దాటింది. మొదటి బండికి రెండింతలకు పైగా తిరిగినా ఇంజిన్ దానికన్నా దాదాపు 900 గంటలు తక్కువ పనిచేసింది.

సర్వీస్ రికార్డ్ మొదటి నుంచీ ఉంది. ప్రతి 15 వేలకు ఆయిల్ మార్చారు, బిల్లుల్లో డీపీఎఫ్‌లో తక్కువ బూడిద మిగిల్చే రకం ఆయిలే ఉంది. టైమింగ్ బెల్ట్‌కి కంపెనీ చెప్పిన గడువు 1.5 లక్షలు, వీళ్లు 1.48 లక్షల దగ్గర దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపుతో సహా మార్చారు. ఈ బిల్లు లేకపోతే ఈ బండినీ పక్కన పెట్టేవాణ్ణి, లేదా కొన్న రోజే బెల్ట్ మార్చే షరతు మీద మాట్లాడేవాణ్ణి. బెల్ట్ తెగితే వాల్వ్‌లు పిస్టన్లకు తగిలి హెడ్ మొత్తం పోతుంది.

రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున్నే స్టార్ట్ చేశాం. వెంటనే అందుకుంది. రెండు మూడు సెకన్లు పలుచని తెల్ల పొగ వచ్చి పోయింది. నీలం పొగ లేదు కాబట్టి ఆయిల్ మండడం లేదు. నల్ల పొగ కూడా లేదు. సైలెన్సర్ గొట్టం లోపల వేలుతో తుడిస్తే వేలు దాదాపు శుభ్రంగానే వచ్చింది. ఇది చిన్న పరీక్షే గానీ చాలా చెబుతుంది. కొందరు డీపీఎఫ్ లోపలి ఫిల్టర్‌ను తీసేసి సాఫ్ట్‌వేర్ మార్చి అమ్ముతుంటారు. అలాంటి బండి గొట్టంలో వేలు పెడితే మసి అంటుకుంటుంది.

అసలు సమయం పట్టింది ఇంజెక్టర్ల దగ్గర. ఐడిల్‌లో నాలుగు సిలిండర్లూ సమానంగా లాగేలా ఈసీయూ ఒక్కో ఇంజెక్టర్‌కి డీజిల్‌ను కొంచెం పెంచుతూ, కొంచెం తగ్గిస్తూ సర్దుతుంది. ఆ సవరణలు ఇలా ఉన్నాయి: ఒకటో సిలిండర్ మైనస్ 0.7, రెండు మైనస్ 0.9, మూడు ప్లస్ 2.6, నాలుగు మైనస్ 1.0 మిల్లీగ్రాములు. మూడో దానికి ఈసీయూ అదనంగా డీజిల్ పోయాల్సి వస్తోంది. దీనికి రెండు కారణాలుండొచ్చు. ఇంజెక్టర్ అరిగి ఉండొచ్చు, లేదా ఆ సిలిండర్‌లో కంప్రెషన్ పడిపోయి ఉండొచ్చు. మొదటిదైతే బేరం ఆడే విషయం, రెండోదైతే బండి వదిలేసే విషయం. అందుకే ఏదో తేల్చకుండా ముందుకు వెళ్లకూడదు.

కంప్రెషన్ చూడాలంటే మామూలుగా గ్లో ప్లగ్ (చల్లటి సిలిండర్‌ను వేడి చేసేది) తీసి ఆ రంధ్రంలో గేజ్ పెడతారు. కానీ ఇంత తిరిగిన ఇంజిన్‌లో గ్లో ప్లగ్ మసితో బిగుసుకుపోయి, తీసేటప్పుడు హెడ్‌లోనే విరిగిపోయే ప్రమాదం ఉంది. మనది కాని బండిలో ఆ పని చేయకూడదు. బదులుగా బ్యాటరీ వైరుకి కరెంట్ కొలిచే క్లాంప్ మీటర్ తగిలించి, డీజిల్ అందకుండా చేసి సెల్ఫ్ తిప్పాను. పిస్టన్ గాలిని నొక్కిన ప్రతిసారీ స్టార్టర్ లాగే కరెంట్ పెరిగి తగ్గుతుంది. నాలుగు శిఖరాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఏ సిలిండర్‌లోనూ కంప్రెషన్ పోలేదు. ఆ తర్వాత నాలుగు ఇంజెక్టర్ల నుంచి మిగులు డీజిల్‌ను వెనక్కి పంపే రిటర్న్ పైపులు సీసాల్లోకి పెట్టి ఇంజిన్ నడిపితే మూడో సీసా మిగతా వాటికన్నా ముందే నిండింది. అంటే తప్పు ఇంజెక్టర్‌దే.

డీజిల్ ఫిల్టర్ విప్పి అడుగున మిగిలిన డీజిల్‌ను తెల్లని పళ్లెంలో పోసి వెలుతురులో చూశాను. మెరిసే లోహపు పొడి లేదు. హై ప్రెషర్ పంపు లోపల అరుగుతుంటే ఆ పొడి రైల్ నుంచి ఇంజెక్టర్ల దాకా అంతటా చేరుతుంది. అప్పుడు ఒక్క పంపు మారిస్తే తీరదు, మొత్తం వ్యవస్థ మార్చాలి. ఎక్కువ తిరిగిన డీజిల్‌లో నేను ఎక్కువ భయపడేది దీనికే.

టెస్ట్ డ్రైవ్‌లో మూడో గేర్‌లో పూర్తిగా యాక్సిలరేటర్ తొక్కి, ఈసీయూ అడిగిన టర్బో ఒత్తిడినీ నిజంగా వచ్చిన ఒత్తిడినీ పక్కపక్కన చూశాను. రెండు గీతలూ కలిసే పోయాయి. పై గేర్‌లో తక్కువ వేగం నుంచి గట్టిగా లాగిస్తే ఆర్‌పీఎం ఒక్కటే పైకి పోలేదు, అంటే క్లచ్ జారడం లేదు. కానీ ఇంజిన్ ఆపే క్షణంలో గేర్‌బాక్స్ దగ్గర "టక్" మని శబ్దం వచ్చింది. ఇంజిన్ కుదుపులు గేర్‌బాక్స్‌కి చేరకుండా ఆపే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ లోపలి స్ప్రింగ్‌లు వదులయ్యాయి. క్లచ్ సెట్‌తో కలిపి ఇంకో ఏడాదిలోపు మార్చాల్సిందే. డీపీఎఫ్ ఒత్తిడి తేడా 6 మిల్లీబార్లు, రీజనరేషన్ల మధ్య సగటు 620 కి.మీ. బూడిద లెక్క మాత్రం పరిమితిలో మూడింట రెండు వంతులకు చేరింది. మసి కాలుతుంది, ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు. అది పేరుకుంటూనే ఉంటుంది, ఒకరోజు ఫిల్టర్‌ను విప్పి శుభ్రం చేయించాలి.

మామూలుగా చాలామంది వదిలేసేది ఒకటి ఇక్కడ దొరికింది. హైవే మీద కూలెంట్ వేడి 88 డిగ్రీల దగ్గర నిలబడాలి. ఈ బండిలో పల్లం వచ్చినప్పుడల్లా 76కి పడిపోతోంది. మీటర్ బోర్డు మీది ముల్లు మధ్యలోనే నిలబడి ఉంటుంది, స్కానర్‌లోనే తెలుస్తుంది. కూలెంట్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోయింది. సామాను చిన్నదే, కానీ ఇంజిన్ సరైన వేడికి రాకపోతే చాలా బండ్లలో ఈసీయూ రీజనరేషన్ మొదలే పెట్టదు. అలాగే వదిలేసి ఉంటే మంచి డీపీఎఫ్ కూడా కొన్నాళ్లకు పూడుకుపోయేది.

వెనుక షాక్ అబ్జార్బర్ ఒకటి ఆయిల్ కారుతోంది. ముందు సస్పెన్షన్‌లోని లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు పగిలాయి. హెడ్‌లైట్ల గాజు మసకబారింది. చీకట్లో తిరిగొచ్చే మనిషికి ఇది అందానికి సంబంధించింది కాదని రిపోర్ట్‌లో ప్రత్యేకంగా రాశాను.

బేరం

దొరికిన లోపాలన్నీ ఒక కాగితం మీద రాసి, రీడింగ్‌ల ఫోటోలు జత చేసి, ఏ పనికి ఎంత అవుతుందో రెండు చోట్ల కనుక్కుని పక్కనే రాశాం. మొత్తం కలిపితే అడిగిన ధరలో దాదాపు ఆరో వంతు. అమ్మే ఆయన మొదట నొచ్చుకున్నారు, బండిని బాగా చూసుకున్న మనిషి మరి. రికార్డ్ అంత బాగా ఉంచినందుకే ఈ బండి తీసుకుంటున్నామని ఆయనకు చెప్పాను, అది నిజం కూడా. చివరికి ఖర్చులో ఎక్కువ భాగం ధరలో తగ్గించారు.

ఆవిడకు ఇంకా ఒక టెన్షన్ మిగిలింది: "రెండు లక్షలు దాటిన బండి, రేపు అమ్మాలంటే ఎవరు కొంటారండి?" ఎవరూ మంచి ధరకు కొనరనే చెప్పాను. ఏడాదికి 36 వేలు తిరిగేవాళ్లు ఏ బండి కొన్నా దాని విలువ త్వరగానే పడిపోతుంది. విలువ అప్పటికే పడిపోయిన బండిని కొంటే ఆ నష్టం చిన్నది. ఇలాంటి బండిని అమ్ముకునే ఉద్దేశంతో కాకుండా వాడుకునే ఉద్దేశంతో కొనాలి. ఆ మాట మీద ఆవిడ ఒక రాత్రి ఆలోచించి సరేనన్నారు.

కొన్నాక

పనుల వరుస నేనే రాసిచ్చాను. మొదటి వారంలో థర్మోస్టాట్, కూలెంట్, ఆయిల్, అన్ని ఫిల్టర్లు, హెడ్‌లైట్ గాజులు. ఆ వెంటనే మూడో ఇంజెక్టర్. దానికి కొత్త రాగి వాషర్, కొత్త హై ప్రెషర్ పైపు వేయించి, ఇంజెక్టర్ మీద రాసి ఉన్న గుర్తింపు కోడ్‌ను ఈసీయూలో ఎక్కించమని గట్టిగా చెప్పాను. ఆ కోడ్ ఎక్కించకపోతే కొత్త ఇంజెక్టర్ కూడా సరిగా కొలవదు. మార్చాక నాలుగు సవరణలూ 0.5 లోపే నిలిచాయి. షాక్‌లు, బుష్‌లు రెండో నెలలో అయ్యాయి. ఫ్లైవీల్, క్లచ్ సెట్ 2.31 లక్షల దగ్గర మార్చారు.

వాడే పద్ధతి గురించి కూడా మాట్లాడుకున్నాం. ఆయిల్ 15 వేలకు కాకుండా 10 వేలకే మార్చడం, అదీ డీపీఎఫ్‌కి సరిపడే రకమే వాడటం. ఐడిల్ 800 నుంచి వెయ్యి దాకా పెరిగినా, ఆగాక ఫ్యాన్ గట్టిగా తిరుగుతున్నా రీజనరేషన్ నడుస్తోందని అర్థం. ఇంటి ముందుకు వచ్చేశాక అలా కనిపిస్తే ఇంకో పది నిమిషాలు తిప్పి రావడం మంచిది. నెలకోసారి డిప్‌స్టిక్ చూసి, ఆయిల్ తగ్గిందా అని మాత్రమే కాకుండా పెరిగిందా అని కూడా చూసుకోమన్నాను.

ఏడాదిలో అనుకోనిది ఒకటి జరిగింది. హైవే మీద ఉన్నట్టుండి పికప్ పోయి, ఇంజిన్ లైట్ వెలిగింది. టర్బో నెట్టిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి వచ్చే రబ్బరు పైపు బిగింపు దగ్గర చీలింది, టర్బో ఒత్తిడి బయటికి పోతోంది. బండి నెమ్మదిగా నడుచుకుంటూ ఇంటికి చేరింది, ఆగిపోలేదు. నేను పరీక్షించినప్పుడు ఆ పైపు బాగానే ఉంది. వేడికి గట్టిపడే రబ్బరు ఎప్పుడు చీలుతుందో ముందే పట్టుకోవడం కష్టం. అప్పటి నుంచి రెండు లక్షలు దాటిన ప్రతి బండికీ టర్బో రబ్బరు పైపులన్నీ కొన్న వెంటనే మార్చేయమని రాస్తున్నాను. మిగతా ఖర్చులతో పోలిస్తే అది చిన్న మొత్తం.

ఏడాది చివర బండి 2.5 లక్షలకు చేరింది. ఆవిడ రాసుకున్న లెక్కల ప్రకారం లీటరుకు సగటున 21 కి.మీ. వస్తోంది. ఇంజెక్టర్ల సవరణలు, డీపీఎఫ్ ఒత్తిడి మళ్లీ చూసి పాత రీడింగ్‌ల పక్కనే రాసిపెట్టాను. ఒకటో ఇంజెక్టర్ కొంచెం కదలడం మొదలైంది, ఇప్పుడే చేయాల్సింది ఏమీ లేదు. తర్వాతి పెద్ద ఖర్చు 3 లక్షలకు కొంచెం ముందు ఉంది. టైమింగ్ బెల్ట్ రెండో గడువు, డీపీఎఫ్ బూడిద శుభ్రం చేయించడం రెండూ దాదాపు ఒకేసారి వస్తాయి. ఆ ఖర్చు పెట్టి బండిని ఉంచుకోవాలా, వదిలి ఇంకొకటి వెతకాలా అన్నది 2.8 లక్షల దగ్గర కూర్చుని లెక్క వేద్దామనుకున్నాం. అప్పటికి ఆవిడకు ఇంటికి దగ్గరి కాలేజీకి బదిలీ వస్తే మాత్రం లెక్క వేయనక్కర్లేదు, ఈ బండిని ఇలాగే దూరం తిరిగే ఇంకొకరికి ఇచ్చేసి పెట్రోల్ కారు తీసుకోమని చెబుతాను.